పువ్వు చూడకుండా పెట్టిన పేరు

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి బల్ల మీదవి కనిపిస్తున్నాయా? ఉండండి, కాస్త ముందుకి జరుపుతాను. మూడు సీసాలు, మూడింట్లోనూ నీళ్లు, ఒక్కో దాంట్లో ఒక్కో తీగ ముక్క. మొదటి రెండింటికీ చీటీలు అంటించాను. మూడోదానికి కావాలనే అంటించలేదు. దాని సంగతి చివర్లో చూద్దాం.

మొదటి సీసాలోది ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. మనీ ప్లాంట్. "నాకు మొక్కల గురించి ఏమీ తెలియదండీ" అనేవాళ్లు కూడా దీన్ని గుర్తుపడతారు. వర్గీకరణ గురించి మాట్లాడతానంటే ఏ అరుదైన అడవి తీగనో తెస్తాననుకుని ఉంటారు. కానీ అందరికీ తెలిసిన ఈ మొక్కే శాస్త్రజ్ఞుల్ని ఎనభై ఏళ్లకి పైగా తిప్పలు పెట్టింది. ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

ముందు ఆ మామూలు పేరు సంగతి. మనీ ప్లాంట్ అనగానే మనకి ఈ తీగే గుర్తొస్తుంది. కానీ వేరే దేశాల్లో అదే మాటకి పాకిరా అనే చెట్టు గుర్తొస్తుంది, అది మందార కుటుంబం. ఇంకొందరికి దళసరి ఆకుల క్రాసులా. మరికొందరికి గుండ్రటి ఆకుల పైలియా, అది దురద పుట్టించే ఆకులుండే అర్టికేసి కుటుంబానిది. లునారియా అని ఇంకొకటి ఉంది, అది ఆవాల కుటుంబం. చూడండి, ఒకే పేరుతో అయిదు కుటుంబాలు. శాస్త్రీయ నామాలెందుకని ఎవరైనా అడిగితే నేను ఈ ఉదాహరణే చెబుతాను.

మన తీగది అరేసి కుటుంబం. చేమ, కంద ఈ కుటుంబానివే. కంద పువ్వు చూసినవాళ్లుంటే, అంటే దాని వాసన తగిలినవాళ్లుంటే, ఇక జన్మలో మరిచిపోరు. ఈ కుటుంబంలో పువ్వు నిజానికి ఒక్క పువ్వు కాదు. మధ్యలో లావుపాటి కంకి, దాని మీద ఒత్తుగా చిన్న చిన్న పువ్వులు, చుట్టూ దోనెలా ఒక మట్ట. ఇదంతా గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే మన కథలో అసలు చిక్కంతా ఈ కంకి దొరక్కపోవడం వల్లే వచ్చింది.

మీలో ఎంతమంది మనీ ప్లాంట్ పువ్వు చూశారు? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. నేనూ చూడలేదు. ఇన్ని కోట్ల కుండీల్లో పెరుగుతున్న మొక్క పువ్వుని ఎవరూ చూడకపోవడం విడ్డూరం కాదా?

ఇప్పుడు 1753కి వెళ్దాం. ఆ ఏడు స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పోథాస్ అనే ప్రజాతికి పేరు పెట్టాడు. ప్రజాతి అంటే దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు అనుకోండి. ఆ మాట సింహళ భాషలోంచి తీసుకున్నది. అందులో పోథాస్ స్కాండెన్స్ అనే తీగ ఉంది. దాని ఆకు తమాషాగా ఉంటుంది, తొడిమే వెడల్పై రెక్కలా సాగి, ఆకు కింద ఇంకో ఆకు అతికినట్టు కనిపిస్తుంది. దబ్బాకు చూశారుగా, అలాగన్నమాట. ఆ రోజుల్లో చెట్లకి పాకే ఈ కుటుంబపు తీగ ఏది దొరికినా చాలావరకు పోథాస్ బుట్టలోనే పడేసేవారు. తర్వాత వియన్నాలో షాట్ అనే ఆయన, హైన్రిఖ్ విల్‌హెల్మ్ షాట్, ఈ కుటుంబం మీదే జీవితమంతా పెట్టి ఆ బుట్టని విడదీశాడు. 1832లో సిండాప్సస్, 1857లో ఎపిప్రెమ్నమ్ అనే ప్రజాతుల్ని ఏర్పరిచాడు. మధ్యలో 1842లో హాస్‌కార్ల్ రాఫిడోఫోరా అని ఇంకొకటి చేశాడు. ఎపిప్రెమ్నమ్ అంటే గ్రీకులో 'చెట్టు మాను మీద ఉండేది'. రాఫిడోఫోరా అంటే 'సూదులు మోసేది'. దీని కణజాలంలో సన్నటి సూదుల్లాంటి కణాలుంటాయి, అందుకని.

ఇక మన మొక్క 1880లో యూరప్‌లో పేరు సంపాదించుకుంది. బెల్జియంలో లిండెన్ అని పేరున్న నర్సరీ యజమాని, ఫ్రాన్స్‌కి చెందిన తోటల రూపకర్త ఎడువార్ ఆండ్రే, ఇద్దరూ కలిసి ఒక తోటల పత్రికలో దీన్ని పోథాస్ ఆరియస్ అని ప్రకటించారు. ఆరియస్ అంటే బంగారు రంగుది. ఆకు మీది పసుపు చారలు చూసి పెట్టిన పేరు. అంటే మనం ఇప్పుడు కుండీలో చూసే ఈ చారల మొక్కే శాస్త్రానికి మొదటి నమూనా అయింది. అడవిలో ఎలా ఉంటుంది, పెద్దయితే ఏమవుతుంది, పూస్తే ఎలా ఉంటుంది, ఏదీ తెలియదు. పాత పుస్తకాల్లో దీని పుట్టిల్లు సాలమన్ దీవులని ఉంటుంది. ఇప్పుడు ఫ్రెంచ్ పాలినీషియాలో తాహితి పక్కనున్న మొరేయా దీవి అంటున్నారు. పుట్టిన ఊరు కూడా సరిగ్గా నమోదు కాని బిడ్డ పాపం.

1908లో ఎంగ్లర్ దీన్ని సిండాప్సస్‌లోకి మార్చాడు. బెర్లిన్‌లో ఉండే ఎంగ్లర్ ఆ కాలానికి ఈ రంగంలో పెద్ద దిక్కు. ఆయన దగ్గరా పువ్వు లేదు. ఆకు చూస్తే సిండాప్సస్‌కి దగ్గరగా ఉంది, సరే అక్కడ పెట్టాడు. మా కాలంలో ప్రాక్టికల్ రికార్డుల్లో కూడా సిండాప్సస్ ఆరియస్ అనే రాసేవాళ్లం. మీలో కొందరి పాత పుస్తకాల్లో ఇప్పటికీ అదే ఉంటుంది.

ఆకుని నమ్ముకుంటే ఏమవుతుందో నా అనుభవమే చెబుతాను. డిగ్రీలో ఉన్నప్పుడు హెర్బేరియం ఇవ్వాలి, అంటే మొక్కల్ని నొక్కి, ఎండబెట్టి, షీట్లకి అతికించి పేర్లు రాయాలి. నేను రెండు షీట్లు చేశాను. ఒకదానిలో అరచేయంత ఆకు, హృదయాకారం, అంచు నున్నగా. ఇంకోదానిలో నా మోచేయంత పొడవైన ఆకు, అంచులు చీలికలు చీలికలుగా. రెండో ఆకు ఒక పెద్ద చెట్టు పైనుంచి రాలింది, కింద ఏరుకున్నాను. మొదటిది సిండాప్సస్, రెండోది మాన్‌స్టెరా, అంటే ఇదే కుటుంబంలో చీలికల ఆకులుండే ఇంకో తీగ, అని చక్కగా రాసేశాను. పరీక్షకి వచ్చిన ఆయన రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి, "ఇవి రెండూ ఎక్కడ దొరికాయమ్మా?" అన్నారు. "ఒకే చెట్టు కింద సార్" అన్నాను. "అయితే వెళ్లి ఆ చెట్టు మాను కింద నుంచి పైదాకా ఒకసారి చూసి రా" అన్నారు. వెళ్లి చూశాను. కింద అరచేయంత ఆకులు, మనిషెత్తు దాటాక జానెడు, ఇంకా పైకి పోయేకొద్దీ మూరెడు, మూరెడు దాటాక చీలికలు. ఒకటే తీగ. తిరిగొచ్చి తల దించుకుని నిలబడ్డాను. మార్కులు పోయాయి కానీ ఆ పాఠం ఇప్పటిదాకా పోలేదు.

ఈ మొక్కకి బాల్యం, యౌవనం అని రెండు దశలున్నాయి. కుండీలో, సీసాలో మనం చూసేది బాల్యదశ. మానుని పట్టుకుని ఎక్కుతుంటే ఆకులు పెరుగుతాయి. సుమారు ఇరవై మీటర్ల దాకా ఎక్కగలదు, ఆకు దాదాపు మీటరు పొడవు కూడా వస్తుంది. అదే తీగ పట్టు తప్పి కిందికి వేలాడిందనుకోండి, మళ్లీ చిన్న ఆకులే వేస్తుంది. ఇక పూత రావాలంటే యౌవనదశలోనే రావాలి. కుండీలో ఉన్నది ఎన్నేళ్లయినా పిల్లే.

సరే, పెద్దయిందైనా పూస్తుందా అంటే, అదీ లేదు. ఇక్కడే 1962 వస్తుంది. ఆ ఏడు సాగులో ఉన్న ఒక తీగ పూసింది. అమెరికాలో మన్రో బర్డ్సీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ కంకిని పరిశీలించి, ఇది సిండాప్సస్ కాదు, రాఫిడోఫోరా అన్నాడు. పేరు రాఫిడోఫోరా ఆరియా అయింది. కొద్ది కాలానికే, 1964లో, జార్జ్ బంటింగ్ అనే ఇంకో వృక్షశాస్త్రజ్ఞుడు, "కాదు కాదు, ఇది ఎపిప్రెమ్నమ్" అన్నాడు. ఎపిప్రెమ్నమ్ ఆరియమ్. ఇప్పుడు మనం వాడే పేరు ఇదే. మొదటి సీసా చీటీ మీద రాసిందీ అదే.

కంకిలో అంతగా ఏం చూస్తారని మీకు అనిపించవచ్చు. చూసేది చాలా చిన్న విషయం. పోథాస్ పువ్వులకి చుట్టూ రేకుల్లాంటి భాగాలు ఉంటాయి. మన తీగ పువ్వులకి అవి అసలు లేవు, అండాశయం, కేసరాలు, అంతే. దాంతో పోథాస్ పోటీలోంచి తప్పుకుంది. మిగిలిన మూడింటికీ అండాశయం కోసి లోపల చూడాలి. సిండాప్సస్‌లో ఒకే ఒక్క అండం ఉంటుంది. రాఫిడోఫోరాలో బోలెడుంటాయి, విత్తనాలు చిన్నగా, తిన్నగా ఉంటాయి. ఎపిప్రెమ్నమ్‌లో నాలుగైదుకి మించి పెద్దగా ఉండవు, విత్తనాలు పెద్దవి, వంపు తిరిగి ఉంటాయి. ఎనభై ఏళ్లకి పైగా సాగిన గొడవ తేలింది ఈ లెక్కతో. ఒక బ్లేడు, ఒక భూతద్దం ఉంటే సరిపోయే పని. కాకపోతే పువ్వు కావాలి.

ఒక్క నిమిషం, పేరు చివర గమనించారా? ఆరియస్, ఆరియా, ఆరియమ్. ఇవి మూడు పేర్లు కాదు, ఒకటే. లాటిన్‌లో విశేషణం లింగాన్ని బట్టి మారుతుంది. సంస్కృతంలో సుందరః, సుందరీ, సుందరం అన్నట్టే. పోథాస్ పుంలింగం, రాఫిడోఫోరా స్త్రీలింగం, ఎపిప్రెమ్నమ్ నపుంసకం. ఇల్లు మారినా ఆ రెండో మాట తొలగిపోదు, తోక మార్చుకుని వెంట వస్తుంది. పేరు వెనక మనుషుల పేర్లు కూడా రాస్తారు. మన మొక్కకి లిండెన్, ఆండ్రే బ్రాకెట్లో ఉంటారు, బంటింగ్ బ్రాకెట్ బయట ఉంటాడు. బ్రాకెట్లో ఉన్నవాళ్లు మొదట పేరు పెట్టినవాళ్లు, బయటున్నవాడు ఇప్పుడున్న ఇంటికి చేర్చినవాడు. ఆ ఒక్క వరుసలో మొక్క చరిత్ర సగం చదవొచ్చు.

కథ 1964లో అయిపోతే బాగుండేది. 1978లో డాన్ నికల్సన్ అనే ఆయన, ఈ పువ్వు అచ్చం ఎపిప్రెమ్నమ్ పినాటమ్ పువ్వులా ఉంది, ఇక దీన్ని వేరే జాతి అనడమెందుకు, అందులో కలిపేద్దాం అన్నాడు. పినాటమ్ ఆసియా నుంచి ఆస్ట్రేలియా, పసిఫిక్ దాకా విస్తరించిన పెద్ద జాతి. కలిపితే ఏ పేరు నిలవాలి? ముందు పుట్టిన పేరుదే హక్కు. పినాటస్ అనే పేరు లిన్నేయస్ 1763లో పెట్టింది, ఆరియస్ 1880ది. కాబట్టి పినాటమ్ గెలుస్తుంది. మరి మన మొక్క? అది ఎపిప్రెమ్నమ్ పినాటమ్ 'ఆరియమ్' అవుతుంది, ఒంటి కొటేషన్లలో. చూడటానికి చిన్న మార్పు. కానీ జాతిగా ఉన్నది ఒక్కసారిగా సాగు రకమైపోయింది. పెద్ద ఉద్యోగం నుంచి డిమోషన్ ఇచ్చినట్టు. తర్వాత పీటర్ బాయిస్ లాంటివాళ్లు ఆకులు, తీగ పెరిగే తీరు అన్నీ కలిపి చూసి, ఇది వేరే జాతేనని మళ్లీ నిలబెట్టారు. నేనూ ఆ పక్షమే. పువ్వు ఒక్కటే చూసి కలిపేయడం, ఆకు ఒక్కటే చూసి విడదీయడం, రెండూ ఒకే రకం పొరపాటని నా అభిప్రాయం.

ఇప్పుడు రకం అనే మాట దగ్గరికి వద్దాం. ఎక్కువ తికమక ఇక్కడే. తెలుగులో మనం అన్నిటికీ రకం అంటాం. ఇంగ్లీషు మాట వెరైటీని కూడా అలాగే వాడేస్తాం. శాస్త్రంలో మాత్రం రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి వెరైటాస్, ప్రకృతిలో తనంతట తాను ఏర్పడింది. ఒక జాతిలో కొన్ని మొక్కలు ఒకచోట కాస్త తేడాగా, ఆ తేడా తరతరాలుగా నిలుపుకుంటూ ఉంటే వాటికిచ్చే స్థాయి. రెండోది కల్టివార్, సాగు రకం. మనిషి ఏరి, నిలబెట్టి, పెంచుతున్నది. దీనికి లాటిన్ పేరు పెట్టకూడదు. 1959 నుంచి వచ్చినవాటికి మామూలు భాషల పేర్లే ఉండాలన్నది నియమం. ఒంటి కొటేషన్లలో రాయాలి. సాగు మొక్కల పేర్లకి విడిగా నియమావళి 1953లో వచ్చింది.

రెండో సీసా చూడండి. దీన్ని కూడా చాలామంది మనీ ప్లాంట్ అనే అంటారు. కానీ ఇది ఫిలోడెండ్రాన్ హెడరేసియమ్. అదే కుటుంబం, అమెరికా ఖండాల ఉష్ణప్రాంతాల మొక్క. దీనిలో నిజమైన వెరైటాస్‌లున్నాయి, మూడు. హెడరేసియమ్, కిర్క్‌బ్రైడీ, ఆక్సికార్డియమ్. ఆక్సికార్డియమ్ మెక్సికో వైపు అడవుల్లో ఉంటుంది. ఈ మూడింటినీ ఎవరూ తయారుచెయ్యలేదు, అడవిలో అలా ఉన్నాయి. ఇందులోనే ముఖమల్ లాంటి లేతాకులున్నదాన్ని ఒకప్పుడు మైకాన్స్ అని వేరే జాతిగా రాశారు. తర్వాత చూస్తే అది హెడరేసియమ్ చిన్నప్పటి రూపమే. నా హెర్బేరియం తప్పు పెద్దవాళ్లూ చేశారని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను.

మరి మనీ ప్లాంట్‌లో మనం చూసే తేడాలు? తెల్ల మచ్చల 'మార్బుల్ క్వీన్', నిమ్మపండు రంగులో మెరిసే 'నియాన్', పూర్తి పచ్చగా ఉండే 'జేడ్', తెలుపు, ఆకుపచ్చ ముక్కలు ముక్కలుగా ఉండే 'ఎన్‌జాయ్', ఇవన్నీ కల్టివార్లే. ఒక్కటీ వెరైటాస్ కాదు. ఇలాంటివి సాధారణంగా ఎలా పుడతాయంటే, ఉన్న మొక్కలో ఒక కొమ్మ ఏదో మార్పుతో వేరే రంగు ఆకులు వేస్తుంది. ఎవరో గమనించి ఆ కొమ్మ కోసి నాటుతారు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు అంతదాకా ఆగలేదు, 'మార్బుల్ క్వీన్' కొమ్మల మీద గామా కిరణాలు పంపి మార్పులు తెప్పించారు. అలా వచ్చిందే పెర్ల్స్ అండ్ జేడ్. తమాషా ఏమిటంటే అది అమ్మకపు పేరు మాత్రమే, సాగు రకంగా దాని అసలు పేరు 'యూఎఫ్ఎమ్12'. ముద్దు పేరు ఒకటి, రికార్డులో పేరు ఇంకొకటి.

ఇంకో మాట. మీ 'మార్బుల్ క్వీన్'లో ఒక కొమ్మ పూర్తిగా పచ్చ ఆకులు వేసిందనుకుందాం. దాన్ని కోసి నాటారు. ఇప్పుడది 'మార్బుల్ క్వీన్' అవుతుందా? కాదు. తల్లి అదే, జాతి అదే, కానీ కల్టివార్ పేరు వంశాన్ని బట్టి రాదు, లక్షణాన్ని బట్టి వస్తుంది. లక్షణం పోతే పేరూ పోతుంది. జాతి పేరు మాత్రం అలా పోదు, పచ్చగా ఉన్నా, పసుపుగా ఉన్నా ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ ఎపిప్రెమ్నమ్ ఆరియమే. బంగారు రంగు లేకపోయినా బంగారుదే!

ఏదో అడుగుతున్నారు, చెప్పండమ్మా. "మేడం, అసలు ఎందుకు పూయదు?" మంచి ప్రశ్న. 2016లో దీని మీద ఒక పరిశోధన వచ్చింది. మొక్కల్లో జిబ్బరెల్లిన్ అనే హార్మోను ఉంటుంది. అది తయారుకావడానికి అవసరమైన ఒక జన్యువు ఈ మొక్కలో సరిగ్గా పనిచెయ్యడం లేదు. దాంతో పూతకి కావలసిన సంకేతం అందదు. బయటి నుంచి ఆ హార్మోను పిచికారీ చేస్తే పూసింది. అంటే పుయ్యడం మరిచిపోలేదు, పిలుపు అందడం లేదంతే. విత్తనం లేకపోయినా దీనికి లోటేమీ రాలేదు, కణుపున్న ముక్క పడితే చాలు వేళ్లేస్తుంది. హవాయి, శ్రీలంక లాంటి చోట్ల తోటల్లోంచి అడవిలోకి పాకి పెద్ద కలుపైంది.

ఆ వెనక బాబూ, మీరు? "డీఎన్ఏ చూస్తే తేలిపోతుంది కదా సార్... సారీ, మేడం." పర్లేదు. ఎవరికి ఎవరు చుట్టమో డీఎన్ఏ చాలావరకు చెబుతుంది. చెప్పింది కూడా, ఏం చెప్పిందంటే రాఫిడోఫోరా అని మనం అనుకుంటున్నది అసలు ఒకే వంశం కాదట. దాని కొమ్మల మధ్యలోంచి ఎపిప్రెమ్నమ్, మాన్‌స్టెరా లాంటివి మొలుచుకొస్తున్నాయి. కాబట్టి రేపు ఎవరైనా ఈ ఇళ్ల గోడలు మళ్లీ కట్టొచ్చు. చుట్టరికం కొలవగలం, కానీ గోడ ఎక్కడ కట్టాలన్నది మనుషులు కూర్చుని తేల్చుకోవాలి. నా చీటీ మళ్లీ మార్చాల్సి రావచ్చు, అందుకే పెన్సిల్‌తో రాశాను.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. మూడో సీసా మిగిలింది. ఆకు నున్నగా, పచ్చగా, హృదయాకారంలో ఉంది. చారలు లేవు. మొదటి సీసాలోదాని 'జేడ్' రకమా, రెండో సీసాలోదాని తోబుట్టువా? పువ్వు లేదు, ఎంగ్లర్‌కి వచ్చిన కష్టమే మీకూ వచ్చింది. కాకపోతే మీకు రెండు గుర్తులు చెబుతాను. ఎపిప్రెమ్నమ్‌లో కొత్తాకు పాత ఆకు తొడిమ ఒరలోంచి చుట్ట విప్పుకుంటూ వస్తుంది, తొడిమ పైన గాడి ఉంటుంది. ఫిలోడెండ్రాన్‌లో కొత్తాకుని పల్చటి పొర తొడుగు కప్పి ఉంచుతుంది, ఆకు విచ్చుకున్నాక అది ఎండి రాలిపోతుంది. కణుపు దగ్గర వేరు కూడా చూడండి, ఎపిప్రెమ్నమ్‌కి మొద్దుగా, ఫిలోడెండ్రాన్‌కి సన్నగా, గుత్తిగా. వరుసలో రండి, చేత్తో పట్టుకుని చూడొచ్చు. తుంచి మాత్రం నోట్లో పెట్టకండి, నాలుక మండుతుంది. జవాబు రాసిన చీటీ సీసా అడుగున అంటించాను, చూసినవాళ్లు పక్కవాళ్లకి చెప్పకండి.